చిత్తుబొమ్మ

సంక్రాంతి సంచికల్లో ముగ్గులు వేస్తారు. ప్రతి ముగ్గు కిందా చిన్న అక్షరాల్లో ఒక వివరం ఉంటుంది: సందు చుక్క, 15 నుంచి 8 వరకు, లేకపోతే సరి చుక్క, ఇన్ని వరుసలు. ఆ వివరం తప్పిపోయి ముగ్గొక్కటే అచ్చయితే పాఠకులు ఊరుకోరు. ముగ్గు ఎంత అందంగా ఉంటే ఏం లాభం, చుక్కలు చెప్పకపోతే తెల్లారి వాకిట్లో పెట్టుకునేదెలా? అదే సంచికలో రెండు పేజీలు తిప్పితే ఒక కథ, కథ నెత్తిన ఒక బొమ్మ, బొమ్మ మూలన ఒక సంతకం ఉంటాయి. ఆ బొమ్మ ఏ చుక్కల మీద నిలబడిందో ఎవరూ చెప్పరు, అడగాలని కూడా ఎవరికీ తోచదు. ముగ్గు వేసే మనిషి వీధిలో, నలుగురూ చూస్తుండగా వేస్తుంది. పక్కన నిలబడిన పిల్ల చుక్క తప్పితే పట్టుకుంటుంది, మర్నాడు తనే గిన్నె అందుకుంటుంది. కోనసీమలో కనుమనాడు జగ్గన్నతోటకు చేరే పదకొండు ఊళ్ళ ప్రభలదీ ఇదే దారి. వెదురుబద్దలు వంచి కట్టడం దగ్గర్నుంచి కొత్త బట్టలు చుట్టి గంటలు వేలాడదీయడం దాకా ఊరంతా చూస్తూనే ఉంటుంది. 2023 గణతంత్ర దినోత్సవానికి ఆంధ్రప్రదేశ్ శకటంగా ఢిల్లీ దాకా వెళ్ళిన ఆ ప్రభల పనితనం ఏ గదిలోనూ తలుపులేసుకుని దాచుకున్నది కాదు. మన ఊళ్ళలో బొమ్మ కట్టడం, గీయడం బహిరంగంగానే సాగాయి. తలుపు మూసుకున్నది అచ్చుబొమ్మ ఒక్కటే.

మూసుకోవడానికి కారణం ఎవరి కుత్సితమూ కాదు. ఆర్టిస్టు ఒకచోట గీస్తాడు, ప్రెస్సు ఇంకోచోట ఉంటుంది, పాఠకుడు మరోచోట ఉంటాడు. పూర్తయిన బొమ్మ ఒక్కటే అంత దూరం ప్రయాణం చేయగలిగేది. దానికి ముందు వేసి పారేసిన చిత్తుకాగితాలకు టిక్కెట్టు దొరకలేదు. నూరేళ్ళు అలా నడిచింది కాబట్టి అదే ధర్మమని అనుకుంటున్నాం. నా ఉద్దేశం మాత్రం వేరు. ఏ కొలువూ లేకుండా, ఇంట్లో కూర్చుని, వచ్చిన పని వచ్చినట్టు బొమ్మలేసుకునే నేటి ఆర్టిస్టు లోకానికి పంచవలసిన వాటిలో పూర్తయిన బొమ్మ రెండోది. మొదటిది చిత్తు. ఇది ఔదార్యం కోసం చెబుతున్న మాట కాదు; చిత్తు కనబడకపోవడం వల్ల తెలుగు బొమ్మకు జరిగిన నష్టం కళ్ళెదుట ఉంది కనక చెబుతున్నాను.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే అవతలి ఒడ్డు నరసాపురం. 1933 డిసెంబరు 15న సత్తిరాజు లక్ష్మీనారాయణ అక్కడ పుట్టారు. బాపు అంటే గాని ఎవరికీ తెలియదు. లా చదివి, ఆంధ్రపత్రికలో కార్టూన్లతో మొదలుపెట్టి, 1956 ప్రాంతంలో ముళ్ళపూడి వెంకటరమణ బుడుగుకు రూపమిచ్చి, ఆ పైన అరవై ఏళ్ళకు దగ్గర దగ్గరగా తెలుగు కథకు మొహం ఎలా ఉండాలో ఆయనే నిర్ణయించారు. తొలి సినిమా సాక్షిని 1967లో తీసింది కూడా ఇక్కడే, ఆత్రేయపురం పక్కన పులిదిండిలో. ఆయన చేతిరాత అక్షరాలయ్యి పెళ్ళికార్డు మీదకు, కొట్టు బోర్డు మీదకు, సినిమా టైటిళ్ళలోకి పోయింది. రాజోలు నుంచి రామచంద్రపురం దాకా బొమ్మలు వేయాలని సరదా పడ్డ ప్రతి కుర్రాడూ బాపు బొమ్మ పెట్టుకునే చేయి తిప్పుకున్నాడు. అందులో తప్పేమీ లేదు. కాని వాళ్ళకు అందినదేమిటి? చారెడేసి కళ్ళు, వాలుజడ, వంపు తిరిగిన నడుము, తెగకుండా సాగే ఒక్క గీత. ఆ గీత అంత పొదుపుగా ఎందుకుందో అందలేదు.

ఆ పొదుపులో కొంత బాపు మనసుదైతే కొంత యంత్రానిది. ఆ రోజుల్లో పత్రికలు లెటర్‌ప్రెస్సు మీద అచ్చయ్యేవి. గీసిన బొమ్మను ఫొటో తీసి, జింకు రేకు మీదకు ఎక్కించి, ఆమ్లంతో తినిపించి లైను బ్లాకు చేసేవారు. ఆ బ్లాకులో గీత ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. నడుమ బూడిద రంగంటూ లేదు. నీడలూ ఛాయలూ కావాలంటే హాఫ్‌టోన్ బ్లాకు చేయించాలి. దానికి ఖర్చెక్కువ, పైగా నాసి న్యూస్‌ప్రింటు మీద అలుక్కుపోయేది. కనక కథాచిత్రం గీత మీద, నల్లటి మచ్చ మీద, వదిలేసిన తెలుపు మీద బతకాలి. ఎక్కడ గీయాలన్న దానికంటే ఎక్కడ ఆపాలన్నదే అసలు పని. ఆ ఆపడం ఎలా కుదిరింది, ఏం గీసి ఏం కొట్టేస్తే అంత తెలుపు మిగిలింది అనేది చిత్తులో ఉంటుంది. అచ్చులో ఉండదు. అందుకే అనుకరించినవాళ్ళు గీతను పట్టుకున్నారు, ఆపడాన్ని వదిలేశారు. లెటర్‌ప్రెస్సు పోయి ఆఫ్‌సెట్ వచ్చింది, ఆఫ్‌సెట్ పక్కన ట్యాబ్లెట్ చేరింది, కోటి రంగులు వేలికొసకు వచ్చాయి. అయినా ఇవాళ్టికీ లైను బ్లాకు కోసం పుట్టిన అమ్మాయే, లైను బ్లాకు అవసరం లేని పేజీల్లో, కొత్త చీర కట్టుకుని నిలబడి ఉంటుంది. బాపును తక్కువ చేస్తున్నానని ఎవరైనా నొచ్చుకుంటారేమో. బాపుకు తమిళ చిత్రకారుడు గోపులు అంటే గురుభావం. ఆ సంగతి ఆయన దాచుకోలేదు. అయినా బాపు బొమ్మ చూసి ఇది గోపులు బొమ్మ అని ఎవరూ పొరపడరు. మన దగ్గర బాపు బొమ్మ అని పొరపడదగ్గ బొమ్మలు వేలు. తేడా ఎక్కడుందో ఆలోచించాలి.

ఇంకో గోదావరి కథ పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. దామెర్ల రామారావు 1897లో రాజమండ్రిలో పుట్టి 1925లో మశూచితో పోయారు. నిండా 28 ఏళ్ళు కూడా లేవు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే తనే చిత్రకారుడు. కుర్రాళ్ళను వెంటేసుకుని బొమ్మలు వేయించేవాడు. ఆ చలవతోనే రామారావు 1916లో బొంబాయి జె.జె. స్కూలుకు వెళ్ళారు, తిరిగొచ్చి సొంత ఊళ్ళో చిత్రకళాశాల పెట్టారు. అక్కడ వరదా వెంకటరత్నం ఉన్నారు, రామారావు చెల్లెలు బుచ్చికృష్ణమ్మ ఉంది, భార్య సత్యవాణి ఉంది. గురువు స్కెచ్చి వేస్తుంటే, చెరిపేస్తుంటే, మళ్ళీ వేస్తుంటే చూసినవాళ్ళు వీళ్ళంతా. అందుకే ఆయన పోయినా ఆ బడి పోలేదు. వెంకటరత్నం దాన్ని దశాబ్దాల పాటు నడిపారు, గురువు బొమ్మలను గ్యాలరీగా నిలిపారు. 28 ఏళ్ళయినా నిండకుండా పోయిన మనిషి వెనక ఒక బడి మిగిలింది. ఎనభై ఏళ్ళు బతికి వేల బొమ్మలు వేసిన మనిషి వెనక మిగిలింది ఎక్కువగా నకలు. ప్రతిభలో హెచ్చుతగ్గులు దీన్ని తేల్చవు. ఒకచోట పని కనబడింది, ఇంకోచోట ఫలం మాత్రమే కనబడింది.

దీనికి వడ్డాది పాపయ్యను ఎదురు తెస్తారని తెలుసు. శ్రీకాకుళంలో 1921లో పుట్టిన పాపయ్య అయిదేళ్ళ వయసులో ఇంట్లో గోడ మీదున్న రవివర్మ కోదండరాముణ్ణి చూసి వేశాడంటారు. అంటే అచ్చుబొమ్మను చూసే ఆర్టిస్టు అయ్యాడు కదా, రవివర్మ చిత్తు ఎవరు చూపించారు? పైగా పెద్దయ్యాక వ.పా. సంతకంతో చందమామ, యువ ముఖచిత్రాలు వేసిన ఆయన మద్రాసు వెళ్ళి స్థిరపడలేదు. కశింకోటలో ఉండి, మనుషులకు ఎడంగా, ఇంట్లో వేసుకుని పంపించేవారు. ఒంటరి ఆర్టిస్టుకు అంతకంటే మంచి ఉదాహరణ తెలుగులో లేదు. నిజమే. కాని పాపయ్య తండ్రి రామ్మూర్తి డ్రాయింగు మాస్టారు. గోడ మీద రవివర్మ ఉన్నాడు, గోడ కింద రంగులు కలిపే తండ్రి ఉన్నాడు. చిత్తు ఆ ఇంట్లోనే ఉంది. ఒక తరం కిందటి దాకా చిత్తుకు ఇలాంటి చిరునామాలు ఉండేవి: తండ్రి, బడిలో డ్రాయింగు మాస్టారు, లోయరు హయ్యరు పరీక్షలకు కూర్చోబెట్టే పెద్దమనిషి, సైన్‌బోర్డు రాసే దుకాణం, పత్రికాఫీసులో పక్క టేబులు. కార్టూనిస్టు మోహన్ బతికున్నన్నాళ్ళూ హైదరాబాదులో ఆయన గది కుర్ర ఆర్టిస్టులకు అలాంటి టేబులే. కార్టూన్ కబుర్లు పుస్తకంలో ఆయన చేసింది కూడా, ఎవరి గీత ఎందుకలా ఉందో కబుర్లాడుతూ చెప్పడం.

ఇప్పుడు ఆ చిరునామాలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. సైన్‌బోర్డుల్ని ఫ్లెక్సీ మింగేసింది. బడుల్లో డ్రాయింగు పీరియడు లెక్కల మాస్టారు అరువు తీసుకునే పీరియడు. అమలాపురంలోనో కొత్తపేటలోనో ఉండే ఆర్టిస్టుకు కథ వాట్సాప్‌లో వస్తుంది, బొమ్మ ఎల్లుండి పొద్దుటికల్లా పంపమని దాని వెనకే ఒక మాట వస్తుంది. ఎడిటరు మొహం తెలియదు, రచయితతో మాట్లాడే అవకాశం అరుదు, వేసింది బాగుందో లేదో చెప్పడానికి పక్కన మనిషి లేడు. ఊరు వదలకుండా హైదరాబాదు పత్రికకూ అమెరికా తెలుగు సంఘం సావనీరుకూ పనిచేయగలగడం ఈ కాలం ఇచ్చిన వరమే. దాంతో పాటు పక్క టేబులు పోయింది. పోయిన ఆ టేబులును మళ్ళీ వేసుకోవడానికి ఒంటరి ఆర్టిస్టు చేతిలో ఉన్న సాధనం ఒక్కటే, తన చిత్తు నలుగురికీ కనబడనివ్వడం.

చిత్తులో నేర్చుకోవడానికి అంత ఏముంటుందో ఒక బొమ్మ పెట్టుకుని చూద్దాం. కథ ఇదీ అనుకోండి: నరసాపురంలో కాపురం వదిలేసి ఒక అమ్మాయి సాయంత్రం పూట పంటు మీద సఖినేటిపల్లి వైపు వచ్చేస్తోంది. ఆర్టిస్టు మొదటి చిత్తు ఒడ్డు మీంచి వేస్తాడు. వశిష్ఠ గోదావరి, కొబ్బరిచెట్లు, నడిమధ్య పంటు, పంటు మీద చుక్కంత అమ్మాయి. చూడముచ్చటగా ఉంటుంది, ఏ గోదావరి కథకైనా అతుకుతుంది, అందుకే దీనికి పనికిరాదు. రెండో చిత్తులో అమ్మాయి మొహం దగ్గరగా, కళ్ళలో నీళ్ళు. ఇది కథే చెబుతోంది. బొమ్మ కూడా చెబితే పాఠకుడికి చదవడానికేం మిగిలింది? మూడో చిత్తుకు ఆర్టిస్టు పంటు ఎక్కుతాడు. పంటు సఖినేటిపల్లి రేవు దగ్గరికి వచ్చేసరికి జనం ఏం చేస్తారు? ఒడ్డు తగలక ముందే మోటారుసైకిళ్ళు స్టార్టు చేస్తారు, బుట్టలు నెత్తికెత్తుకుంటారు, అందరి మొహాలూ దిగబోయే రేవు వైపే ఉంటాయి. అమ్మాయి ఒక్కతే నరసాపురం వైపు తిరిగి నిలబడి ఉంటుంది. సంచీ చేతిలో లేదు, కాళ్ళ దగ్గర పెట్టుకుంది. నరసాపురం పడమటి గట్టు కనక ఎండ ఆమె మొహాన పడుతుంది, మిగతావాళ్ళ వీపుల మీద పడుతుంది. ఒక్క కన్నీటిబొట్టు గీయకుండా సంగతంతా వచ్చేసింది. తరవాత ఇంకో తంటా. పేజీలో బొమ్మకిచ్చిన చోటు నిలువుది, కథ పేరు బొమ్మలోనే రాయాలి. పేరు ఆకాశంలో పడాలంటే నీటి అంచు కిందికి దించాలి, దించితే మోటారుసైకిళ్ళు సగానికి తెగుతాయి. తెగనిస్తాడు. చక్రాలు లేకపోయినా హ్యాండిళ్ళు చాలు.

ఈ మూడు చిత్తులూ, కింద రెండు వాక్యాల వివరమూ చూసిన పిల్లవాడికి ఆ ఆర్టిస్టు గీత అబ్బదు. అబ్బనక్కర్లేదు. ఎటు నిలబడి చూడాలన్న ప్రశ్న అబ్బుతుంది. పూర్తయిన బొమ్మ ఒక్కటే చూసినవాడు హ్యాండిళ్ళు బాగా గీశాడని మెచ్చుకుని, తన తరవాతి బొమ్మలో హ్యాండిళ్ళు పెడతాడు. పైగా మొదటి చిత్తును పారేశామని బాహాటంగా చెప్పడంలో కోనసీమకు విడిగా ఒక మేలుంది. ఈ ప్రాంతం పేరెత్తగానే కాలువ మీదకు వాలిన కొబ్బరిచెట్టు, పడవ, ఎర్రటి సూర్యుడు క్యాలెండరు మీదికీ హోటలు గోడ మీదికీ వచ్చేస్తాయి. బయటివాళ్ళు వేస్తే సరే. ఇక్కడివాళ్ళకు ఆ వాలిన చెట్టులో రెండు రకాలున్నాయని తెలుసు. వెలుతురు కోసం కాలువ మీదకు వాలిన చెట్టు మొదలు నుంచీ మెల్లగా వంగుతుంది. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు ఒరిగి, చావకుండా మిగిలిన చెట్టు అలా ఉండదు. ఒరిగిన చోట నుంచి మొవ్వు మళ్ళీ నిటారుగా లేచి, కాండంలో ఒక మోచేయి ఏర్పడుతుంది. వెయ్యిమందికి పైగా జనాన్ని పొట్టన పెట్టుకున్న రాత్రి అది. ఏ వంపు గీయాలో తేల్చుకోవడానికి ఆర్టిస్టు రెండూ చిత్తు మీద వేసి చూస్తాడు. పాఠకుడికి మాత్రం ఒకటే అందుతుంది, అదీ అందమైనదనే పేరుతో.

కళకు గుట్టు అవసరం, తెర వెనక చూపిస్తే తెర మీద రక్తి పోతుంది అని ఒక మాట వినబడుతుంటుంది. నాటకానికి ఏమో గాని, బొమ్మ విషయంలో దీనికి ఆధారం దొరకదు. జపాన్‌లో చిత్రకారుడు హొకుసాయ్ 1814లో తన గీతల పుస్తకం అచ్చేయించాడు, శిష్యులు చూసి నేర్చుకోవాలనే. నడిచేవాళ్ళు, స్నానం చేసేవాళ్ళు, పక్షులు, చేపలు, అలలు, ఏదీ పూర్తి చిత్రం కాదు. ఆ వరస చివరికి 15 సంపుటాలైంది. ఆ పుస్తకాలు కొన్నవాళ్ళకు ఆయన పెద్ద చిత్రాల మీద మోజు తగ్గిన దాఖలా లేదు. చూసేవాడికి పని తెలిసేకొద్దీ ఫలం మీద గౌరవం పెరుగుతుంది. పాట నేర్చుకున్నవాళ్ళే కచేరీలో ముందు వరసలో కూర్చుంటారు, వాళ్ళేమీ విసుగెత్తి లేచిపోవడం లేదు.

దొంగల భయం ఇంతకంటే గట్టిది. బొమ్మ బయట పెడితేనే ఎత్తుకుపోతున్నారు, చిత్తు కూడా పెడితే ఇంకేం మిగులుతుంది అంటారు. ఆత్రేయపురంలో పూతరేకు వేయడం ఎవరైనా నిలబడి చూడొచ్చు. బోర్లించిన కుండ కింద మంట, పల్చటి బియ్యప్పిండి పాలలో ముంచిన గుడ్డ, కుండ వీపు మీద ఒక్క విసురు, ఆరీ ఆరకముందే కాగితంలా లేచే రేకు. చూసిన ప్రతివాడూ ఫోనులో తీసుకుంటాడు, ఇంటికి పోయి చేయలేడు, మళ్ళీ వచ్చి ఇక్కడే కొనుక్కుంటాడు. పనితనం కనబడినంత మాత్రాన చేతిలోకి రాదు. ఊరి పేరుకు మాత్రం కాపలా కావాలి. 2023లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నది అందుకే. ఆర్టిస్టుకూ అంతే, కాపాడుకోవలసింది పేరును. 1957 కాపీరైటు చట్టం కళాకృతి మీద హక్కును కళాకారుడి జీవితకాలమూ, ఆ పైన 60 ఏళ్ళూ ఇస్తుంది. ఆ లెక్కన 2014లో కన్నుమూసిన బాపు బొమ్మల మీద హక్కు 2074 చివరిదాకా ఉంది. ఆ మాట పెళ్ళికార్డులు వేసేవాళ్ళకు చెప్పి చూడండి. అదే చట్టం 17వ సెక్షనులో ఒక మెలిక ఉంది: డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగు మీద, వేరే ఒప్పందం రాసుకోకపోతే, తొలి హక్కు వేయించుకున్నవారిది. కాని 57వ సెక్షను ప్రకారం, ఇది గీసింది నేనే అని చెప్పుకునే హక్కు బొమ్మను అమ్మేసినా పోదు. ఆ చెప్పుకోవడానికి రుజువేది? పూర్తయిన బొమ్మ ఎవరి దగ్గరైనా ఉండొచ్చు, సంతకం చెరిపేయడం అరనిమిషం పని. పారేసిన మొదటి చిత్తూ రెండో చిత్తూ గీసినవాడి దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఉండవు. నాలుగు మాటలు టైపు చేస్తే యంత్రమే కొబ్బరిచెట్లూ పంటూ అమ్మాయీ అన్నీ కలిపి బొమ్మ ఊడ్చి పోస్తున్న ఈ రోజుల్లో, మనిషి గీశాడనడానికి కూడా అవే సాక్ష్యం. తేదీతో సహా ముందే నలుగురి ముందు ఉంచిన చిత్తు, బీరువాలో దాచిన చిత్తు కంటే గట్టి సాక్ష్యం.

కూడు సంగతేమిటి? బొమ్మ ఎలా వేశామో చూపిస్తే, ఇంతేనా, గంట పని, దీనికి ఇంత అడుగుతావా అని బేరం మొదలవుతుందన్నది ఆర్టిస్టుల అసలు బాధ. ఇందులో న్యాయం ఉంది, కాని ఆ తప్పు చిత్తుది కాదు, వీడియోలది. ఆరు గంటల పనిని అరనిమిషానికి కుదించి, పాట జోడించి, చేయి ఎక్కడా ఆగకుండా పరుగెత్తినట్టు చూపించే రీళ్ళు ఇప్పుడు ఎక్కడ చూసినా అవే. అందులో ఆలోచించిన సమయం కనబడదు, కొట్టేసిన గీత కనబడదు; మంత్రం వేసినట్టు బొమ్మ దిగిపోతుంది. అది పని చూపించడం కాదు, పనిని మాయం చేయడం. అలాంటివి చూసినవాడు గంట పనే అనుకోవడంలో వింత లేదు. పారేసిన రెండు చిత్తులు పక్కన పెట్టి చూపిస్తే బేరం ఇంకోలా నడుస్తుంది: మీరు కొంటున్నది ఈ ఒక్క బొమ్మను కాదు, ఆ రెండిటినీ వద్దనుకున్న తీర్పును.

ఒక అభ్యంతరానికి మాత్రం తల ఒగ్గాలి. పని మధ్యలో చూపిస్తే జనం మధ్యలోనే మాట్లాడతారు. అమ్మాయి మొహం ఇటు తిప్పండి అంటారు, కొబ్బరిచెట్టు లేదేమిటి, గోదావరిలా లేదంటారు. పదిమంది ఒకే మాట అంటే ఆర్టిస్టుకు అది నిజమేమో అనిపిస్తుంది, మొదటి చిత్తే నయమేమో అనిపిస్తుంది, చివరికి క్యాలెండరు బొమ్మే గెలుస్తుంది. మెచ్చుకోలుకు అలవాటు పడ్డ చేయి మెల్లగా మెచ్చేదే గీస్తుంది. ఇది బొమ్మలకే కాదు, కథలకూ జరిగింది, సినిమాలకూ జరిగింది. అందుకని చిత్తు చూపించడానికి వేళ ఉంది. బొమ్మ అచ్చుకు పోయాక, ఇక మార్చడానికి వీల్లేని దశలో చూపించాలి. అప్పుడు జనం మాట ఆ బొమ్మను ముట్టుకోలేదు, వచ్చే బొమ్మకు ఏదైనా పనికొస్తే పనికొస్తుంది. రచయిత ఒప్పుకోకుండా అచ్చు కాని కథలోని గుట్టు చిత్తు ద్వారా బయట పెట్టకూడదన్నది వేరే చెప్పక్కర్లేదు.

ఇదంతా ఎవరి మానాన వాళ్ళు చేయవలసిన పనిలా కనిపించినా, ఊరు కూడా ఒక చేయి వేయొచ్చు. అమలాపురం కేంద్రంగా కోనసీమ చిత్రకళా పరిషత్తు పోటీలూ ప్రదర్శనలూ నడుపుతోంది. బడుల్లోనూ పండగలకు బొమ్మల పోటీలుంటాయి. ఎక్కడైనా న్యాయనిర్ణేతల ముందుకు వచ్చేది పూర్తయిన అట్ట ఒక్కటే. పోటీ నిబంధనల్లో ఒక్క వాక్యం చేరిస్తే చాలు: బొమ్మతో పాటు దానికి ముందు వేసిన చిత్తులు, కనీసం రెండు, జతపరచాలి. ట్రేసింగు చేసి తెచ్చినవాడు అక్కడే ఆగిపోతాడు. అందరూ ఆగరు లెండి. కొందరు బొమ్మ పూర్తయ్యాక తీరిగ్గా కూర్చుని దొంగ చిత్తులు తయారు చేస్తారు. అనుభవమున్న కన్నుకు అవి ఇట్టే దొరికిపోతాయి, ఎందుకంటే వాటిలో తప్పులుండవు. బొమ్మనే కాస్త మాసిన పెన్సిలుతో మళ్ళీ వేసినట్టుంటాయి. దొరక్కుండా ఉండాలంటే ఆ అమ్మాయిని ఇంకో వైపు నుంచి చూసి ఒకటి, పంటు మీంచి కాక రేవులోంచి చూసి ఒకటి వేసి, ఇవి ఎందుకు కుదరలేదో రెండు ముక్కలు రాయాలి. బహుమతి కోసం దొంగతనంగానైనా ఒక కుర్రాడు అంత పని చేశాడంటే నిర్వాహకులకు ఫిర్యాదు ఏముంటుంది?